మనం అలగే మాట్టాడతామేటి?

సంక్రాంతి వెళ్ళిన వారం. 1980. కల్లాలు ఖాళీ అయి, చేతిలో నాలుగు డబ్బులాడుతున్న రోజులు. శ్రీకాకుళం జిల్లాలో మా ఊరికి మైలున్నర దూరంలో, వంశధార గట్టు దిగువన తాటాకు పాకలో టూరింగ్ టాకీస్ ఉండేది. ముందు ఇసక నేల, వెనక బెంచీలు, ఆ వెనక పెద్దవాళ్ళకి నాలుగు కుర్చీలు. నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ, నేను, మా పెద్దమ్మ, పక్కింటి అక్కలు ఇద్దరు, అందరం నేల టిక్కెట్టు తీసుకుని ఇసకని గుట్టగా పోగేసుకుని దాని మీద కూర్చున్నాం. వేయించిన వేరుశెనక్కాయలు అమ్మ ఒళ్ళో ఉన్నాయి.

తెర మీద పెద్ద మేడ. కథానాయిక మెట్లు దిగుతూ వాళ్ళ నాన్నతో పేపర్లో అచ్చేసినట్టు మాట్లాడుతోంది. అంతలో చీపురు పట్టుకుని పనిమనిషి వచ్చింది. "ఏటమ్మగోరూ..." అంది, ఆ "ఏటి"ని ముక్కుతో ఇంత పొడుగు సాగదీసి. పాక మొత్తం ఒక్కసారి గొల్లుమంది. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత పనిమనిషి నోరు తెరిస్తే చాలు, ఏం అనబోతోందో వినకుండానే జనం నవ్వేవాళ్ళు.

ఆట వదిలాక వెన్నెల్లో నడిచి వస్తున్నాం. పెద్దమ్మా వాళ్ళూ ముందు నడుస్తున్నారు. మామిడితోట దగ్గరకొచ్చేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఒలే గుంటా, మనం అలగే మాట్టాడతామేటి?"

"లేదమ్మా, ఆవిడ నవ్వించడానికి అలా మాట్లాడింది" అన్నాను. అమ్మ ఇంకేం అనలేదు. ఆ రాత్రి నేను చెప్పింది సగమే నిజమని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు.

అమ్మ మాట ఎలా ఉండేదో ఇప్పుడు రాయాలని కూర్చుంటే వేళ్ళ కంటే ముందు చెవులు తెరుచుకుంటున్నాయి. ఆడపిల్లని "గుంట" అనేది. "బేగి రావే, పొద్దోయింది." "ఆ పని ఒగ్గీ, ముందు అంబలి తాగీ." "గెడ్డ కాడకి ఎల్లకు, నీరొచ్చీసినాది." పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, గిన్నెలో పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టి, "తాగీసినావేటి?" అని అడిగేది. ఆ "ఏటి" మా భాషలో ఎంత పని చేస్తుందో బయటివాళ్ళకి తెలియదు. మామూలుగా "ఏమిటి" అని అర్థం. కానీ మాట చివర చేరితే గద్దింపుని లాలింపు చేస్తుంది. "తాగావా?" అంటే నిలదీసినట్టు. "తాగీసినావేటి?" అంటే తల నిమిరినట్టు. సినిమా పనిమనిషి "ఏటి"లో ఆ నిమరడం లేదు. ఇదిగో, ఈవిడ ఫలానా చోటు మనిషి, నవ్వండి అని మెళ్ళో కట్టిన పలక అది.

"ఈసినాను", "ఈసినాది" కూడా అంతే. తిన్నాను వేరు, తినీసినాను వేరు. ఒకటి జరిగిన పని, రెండోది ముగించేసి చేతులు దులుపుకున్న పని. ఎక్కడ ఏది వాడాలో మా ఊళ్ళో అయిదేళ్ళ పిల్లకి తెలుసు. సినిమా మాటల్లో మాత్రం ప్రతి క్రియకీ గుడ్డిగా "ఈసినాను" తగిలిస్తారు. పైగా వాళ్ళకి ఉత్తరాంధ్ర అంతా ఒకటే. ఒడియా పక్కనే వినిపించే ఇచ్ఛాపురం మాట, సాలూరు మాట, అనకాపల్లి మాట వేరువేరుగా ఉంటాయని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ముందు మామూలు తెలుగులో మాటలు రాసుకుని, మీద కాస్త యాస చల్లితే అయిపోతుందనుకున్నారు.

నన్ను చిన్నప్పటి నుంచి తొలిచిన సంగతి ఇంకొకటుంది. కథ ప్రకారం కథానాయకుడు, అతని పాలేరు ఒకే ఊరివాళ్ళు. ఒకే చెరువు నీళ్ళు తాగారు. పాలేరుకి వచ్చిన యాస కథానాయకుడికి ఎందుకు రాలేదు? మా ఊళ్ళో వందెకరాల బుగత మాటలోనూ మా జీర ఉండేది. కరణంగారు కూడా "ఏటయ్యా" అనే పలకరించేవారు. తెర మీదికి వచ్చేసరికి యాస అంతా పేదవాళ్ళ వాటాకే పోయింది.

మా హైస్కూల్లో తెలుగు మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు ఆయనకి పండగ. గిడుగువారు 1863లో పుట్టిన పర్వతాలపేట మాకు దూరమేం కాదు, శ్రీముఖలింగం దగ్గర, అదే వంశధార ఒడ్డున. పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారని, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని జీవితాంతం పోరాడారని మాస్టారు చెబుతుంటే మాకు ఒళ్ళు పులకరించేది. విజయనగరం గురజాడ వారు 1897లోనే కన్యాశుల్కం అచ్చేశారని, అందులో ఎవరి నోటికి తగ్గ మాట వాళ్ళకి పెట్టారని కూడా ఆయనే చెప్పారు. వాడుక భాషకి తలుపు తెరిచిన ఇద్దరూ మా వైపు వాళ్ళేనన్న గర్వం ఆ గంటసేపూ గది నిండా ఉండేది.

గంట అయ్యాక ఎవరైనా "మాస్టారూ, నానెల్తాను" అంటే బెత్తం లేచేది. "నాను ఏమిట్రా? నేను అను. ఎల్తాను కాదు, వెళతాను."

ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. రేపు మేం ఊరు దాటితే నలుగురిలో నవ్వులపాలవుతామని ఆయన భయం. అది మా మీద ప్రేమే. చాలా ఏళ్ళ తర్వాత నాకర్థమైంది ఏమిటంటే, వాడుక భాష గెలిచినప్పుడు గెలిచింది శిష్టుల వాడుక. చదువుకున్న కుటుంబాల మాట. అందులోనూ పత్రికలు, ప్రచురణలు ఎక్కడ బలంగా ఉంటే అక్కడి మాటకే "మంచి తెలుగు" అన్న పేరు స్థిరపడింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు మాండలికాలని నాలుగు మండలాలుగా చూపించారు. మాది పూర్వ మండలం, తెలంగాణది ఉత్తరం, రాయలసీమది దక్షిణం, కృష్ణా గోదావరి గుంటూరు ప్రాంతాలది మధ్య మండలం. భాషాశాస్త్రంలో నాలుగూ సమానమే. 1932లో తొలి టాకీ వచ్చిన కొన్నేళ్ళకే సినిమా మద్రాసు చేరి, దశాబ్దాల పాటు అక్కడే తయారైంది. అక్కడికి వెళ్ళి డబ్బు పెట్టినవాళ్ళు, మాటలు రాసినవాళ్ళు ఎక్కువగా మధ్య మండలం నుంచే వెళ్ళారు. పౌరాణికాలున్నన్నాళ్ళూ అందరూ గ్రాంథికం మాట్లాడారు, గొడవ లేదు. సాంఘికాలు వచ్చి మనుషులు మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టాక వాళ్ళిళ్ళలో మాటే మామూలు మాట అయింది. మిగతాది "యాస" అయింది. తన మాటలో యాస ఎవరి చెవికీ వినపడదు కదా.

1989లో చదువు కోసం హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చాను. నా గదిలో ఉండే అమ్మాయిది కరీంనగర్ జిల్లా. ఒక శనివారం రాత్రి అమ్మాయిలందరం చందాలు వేసుకుని వీసీఆర్ అద్దెకి తెచ్చాం. 'ప్రతిఘటన' వేశారు. అప్పటికి నాలుగేళ్ళ నాటి సినిమా, అందరికీ ఇష్టమైనదే. టి. కృష్ణ తీసిన ఆ సినిమాలో ప్రతినాయకుడు కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడతారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. ఆ యాసని ఆయన పట్టుకున్న తీరుకి అందరం నోళ్ళు వెళ్ళబెట్టి చూశాం. గొప్ప నటన, అందులో రెండో మాట లేదు. భయపడ్డాం, చివర్లో చప్పట్లు కొట్టాం.

గదికొచ్చాక చూస్తే నా స్నేహితురాలు గోడవైపు తిరిగి పడుకుంది. కదిపితే చాలాసేపటికి అంది.

"మా బాపు గూడ గట్లనే మాట్లాడ్తడే. పొద్దుగూకితె నన్ను పక్కన కూసోబెట్టుకుని, 'ఏం బిడ్డా, బువ్వ తిన్నవా' అంటడు. గా మాటలే గాడు మాట్లాడవట్టె."

నాకు మాట రాలేదు. టూరింగ్ టాకీస్‌లో అమ్మ గుర్తొచ్చింది. మావాళ్ళ మాటకి నవ్వితే నాకు గుచ్చుకుంది. ఈ పిల్ల నాన్న మాటని చూసి ఊరంతా భయపడుతుంటే మాత్రం నేను గమనించనే లేదు. ఎందుకంటే అది నాది కాదు. ఆ రాత్రి మేమిద్దరం లెక్కలు కట్టాం. మా యాసకి పనిమనిషి, రిక్షావాడు, అమాయకుడు. వాళ్ళ యాసకి గూండా, తాగుబోతు, హోటల్లో సర్వరు. నెల్లూరుకి నవ్వు. తర్వాతి రోజుల్లో రాయలసీమకి కత్తులూ బాంబులూ వచ్చాయి. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక ఆఫీసులో కడప అమ్మాయి ఒకావిడ అద్దె ఇంటికి వెళితే, "మీ వైపు వాళ్ళంటే భయమండీ" అని ఇంటివాళ్ళు నవ్వుతూనే తలుపేశారు. ఆవిడ లెక్కల టీచరు కూతురు. జీవితంలో కోడిని కోయడం కూడా చూడలేదు.

నా స్నేహితురాలు 'మా భూమి' గురించి చెప్పింది కూడా ఆ రాత్రే. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమా 1980లో వచ్చినప్పుడు వాళ్ళ బాపు రెండుసార్లు చూశాడట. "అండ్ల మనోళ్ళు మనలెక్కనే మాట్లాడ్తరు, ఎవ్వలు నవ్వరు" అని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడట. అంటే చెయ్యడం రాక కాదు. జ్ఞాపకానికి వాళ్ళ భాషలో "యాది" అంటారని నేను నేర్చుకుంది కూడా ఆ పిల్ల దగ్గరే. ఆ రెండక్షరాల మాట కంటే మెత్తటిది నాకింకోటి దొరకలేదు.

చదువైపోయాక ప్రసార మాధ్యమాల్లో గొంతు పరీక్షకి వెళ్ళాను. ఎక్కడో, ఎవరో ఇప్పుడు అనవసరం. అద్దాల గదిలో మైకు ముందు వార్త ఒకటి చదివించారు. బయటికి పిలిచి, "గొంతు చాలా బాగుందమ్మా. కానీ ఎక్కడివాళ్ళో తెలిసిపోతోంది" అన్నారు. ఎక్కడి మనిషినో తెలిస్తే వచ్చే నష్టమేమిటని అడగాలని తోచలేదు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. ఆ రోజు నుంచి రోజూ గంటసేపు తలుపు వేసుకుని పేపరు పైకి చదివేదాన్ని. బేగి పోయి త్వరగా వచ్చింది. ఒగ్గీ పోయి వదిలెయ్యి వచ్చింది. ఏడాదికి నా నాలుక మీద మా ఊరు జాడ లేకుండా చేసుకున్నాను. ఆ ఉద్యోగం రాలేదు గాని వేరేది వచ్చింది. సెలవులకి రైల్లో వెళుతుంటే విజయనగరం దాటాక, బోగీలోకి ఎక్కిన ఆడవాళ్ళ మాటలు చెవిన పడగానే నాలో ఏదో ముడి వీడేది. ఇంటికి వెళ్ళి నోరు తెరిస్తే మాత్రం అమ్మ నవ్వేది. "నువ్వు మేడలో అమ్మగోరిలాగ మాట్టాడతన్నావే" అనేది. మెచ్చుకోలుగానే అనేది. నాకది మెచ్చుకోలులా తగలలేదు.

2006లో నాన్న పోయాక అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చాను. అపార్టుమెంటులో ఆవిడకి దొరికిన ఒకే ఒక్క నేస్తం వాచ్‌మన్ భార్య. మందస వైపు మనిషి. మా ప్రాంతం నుంచి వలస వచ్చి ఈ నగరంలో ఇటుక మోసినవాళ్ళు, ఇళ్ళల్లో పనులు చేసినవాళ్ళు వేలమంది. మధ్యాహ్నం పూట ఆ ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకునేవారు. ఆ గలగల మూడో అంతస్తు దాకా వినిపించేది.

ఒక రోజు ఎదుటి ఫ్లాటావిడ లిఫ్టు దగ్గర ఆగింది. ఆవిడ ముందెప్పుడో అమ్మని నాతో చూసి "బాగున్నారా అండీ" అని పలకరించింది కూడా, ముఖం గుర్తులేనట్టుంది. అమ్మ మాటలు విని, "ఏ ఫ్లాట్‌లో చేస్తున్నావమ్మా? మాకూ మనిషి కావాలి" అంది. అమ్మ "అది మా గుంట ఇల్లండి" అని మా తలుపు చూపించింది. ఆవిడ కంగారుపడిపోయింది. "అయ్యో, సినిమాల్లో పనివాళ్ళు మాట్లాడినట్టే ఉంటేనూ" అంది. సాయంత్రం నేను ఇంటికి రాగానే మళ్ళీ వచ్చి క్షమాపణ చెప్పింది. చెడ్డ మనిషి కాదు. పదిహేనేళ్ళుగా మాకు మంచి ఇరుగుపొరుగు.

రాత్రి వంటింట్లో నేను కోపంతో గిన్నెలు ఎత్తేస్తుంటే అమ్మ నెమ్మదిగా అంది.

"పనిమనిసంటే నాకేటి సిగ్గు? మనోల్లే కదేటి. మొన్న నన్ను మీరన్నాది. ఇయాల మాటినగానే మీరు కాస్తా నువ్వైపోనాది. అదే."

నేను పుస్తకాల్లో ఎన్నేళ్ళు వెతికినా దొరకని మాట అమ్మ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ చెప్పేసింది. ఆ తర్వాత ఆవిడ బయటివాళ్ళ ముందు మాట్లాడడం మానేసింది. ఎవరొచ్చినా "ఆఁ", "ఊఁ". గలగలలాడే మనిషి తలూపుతూ కూర్చునేది. వాచ్‌మన్ భార్యతో కూడా తలుపు వేసుకున్నాకే మాట్లాడేది, చిన్న గొంతుతో.

రోజులు మారాయి. తెలంగాణ ఉద్యమం నడిచిన ఏళ్ళలో మాట కూడా ఒక హక్కుగా లేచి నిలబడింది. వీ6 చానల్ తీన్మార్ వార్తల్ని ఇంట్లో మాట్లాడుకునే తెలంగాణలో చెబితే జనం అతుక్కుపోయి చూశారు. 2017లో 'ఫిదా' వచ్చిన రోజు నా హాస్టల్ స్నేహితురాలు ఫోన్ చేసింది. బాన్సువాడ పిల్లగా సాయిపల్లవి తన గొంతుతోనే ఆ మాటలు చెప్పింది. "హీరోయినే, ఇంటున్నవా, హీరోయిన్ మాట్లాడింది" అని ఏడుస్తూ నవ్వింది. బాపు చూడకుండానే పోయాడన్నదొక్కటే దాని బాధ. 'బలగం' వచ్చినప్పుడు ఇంకోసారి ఫోన్ చేసింది, ఆ రోజు మాత్రం చాలాసేపు ఏడుపే. ఇప్పుడు పెద్ద హీరోలు కూడా సినిమాకో యాస వేసుకుంటున్నారు, చొక్కా మార్చినట్టు. కొందరు కష్టపడి నేర్చుకుంటారు, కొందరి నోట్లో అది పాత పలకే. నాకు తేడా మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. వెంకటేష్ మహా తీశారు. నటించినవాళ్ళలో ఎక్కువమంది విశాఖలోని ఆ పేట మనుషులే, కెమెరా ముందుకి కొత్తగా వచ్చినవాళ్ళు. అమ్మకి అప్పటికి డెబ్బై దగ్గర. మోకాళ్ళ నొప్పులు. రానంది. బలవంతం మీద ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను.

దీపాలార్పారు. తెర మీద మొదటి మనిషి నోరు తెరిచాడు. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆవిడ తెర వైపు చూడడం లేదు. చీకట్లో వెనక్కి తిరిగి జనాన్ని వింటోంది. నాకు అర్థమైంది. ఇసకలో కూర్చున్న ఆ రాత్రి నవ్వు మళ్ళీ వస్తుందేమోనని కాచుకుంది. జనం నవ్వారు, కాసేపయ్యాక. ఆ మనిషి అన్న మాటలో హాస్యానికి నవ్వారు. ఆ తర్వాత నిశ్శబ్దంగా విన్నారు. అరగంటకి అమ్మ నా చెయ్యి వదిలేసింది. రెండో సగంలో తెర మీద వాళ్ళకి తనే సలహాలు చెప్పడం మొదలుపెట్టింది. ముందు వరుసలో కాలేజీ కుర్రాడొకడు వెనక్కి తిరిగి చూసి, నవ్వి, మళ్ళీ తెర వైపు తిరిగాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కాం. డ్రైవరు "ఎక్కడికెల్లాలండి" అన్నాడు. ఆ "ఎల్లాలి" వినగానే అమ్మ ముందుకి వంగింది.

"ఏ వూరు బావూ మీది?"

"సోంపేటండి."

"ఒలమ్మా! మాది ఒంశదార ఒడ్డు. మా సిన్నాడపడుచుని మీ వూరే ఇచ్చినాం."

ఇక ఆగలేదు. ఆ ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడ, కొబ్బరితోటలు ఏమయ్యాయి, తుపానుకి ఎన్ని చెట్లు పోయాయి, అతను ఎప్పుడొచ్చీసినాడు, పిల్లలెందరు, చోడి అంబలి ఈ ఊళ్ళో దొరుకుతుందా. సిగ్నల్ దగ్గర పక్క ఆటోలో వాళ్ళు వింటున్నా గొంతు తగ్గించలేదు. పన్నెండేళ్ళ మాటలు. నేను మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా వింటూ కూర్చున్నాను.

మా వీధి మలుపు కనిపించింది. అమ్మ డ్రైవరు భుజం తట్టింది.

"బేగెల్లిపోకు బావూ. మెల్లగెల్లు. ఇల్లు దగ్గరికొచ్చీసినాది."